పసిపిల్లల ఎదుగుదలలో ఆలస్యం: కారణాలు, జన్యు పరీక్షలపై తరచుగా అడిగే ప్రశ్నలు

బిడ్డ ఎదుగుదల వెనకబడిందని తెలియగానే ఏ తల్లిదండ్రులైనా అడిగే మొదటి మాట "ఎందుకిలా?" అనే. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. డాక్టరు చూడాల్సింది డాక్టరే చూడాలి. అక్కడ ఏం చెప్పాలో, ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

## అనుమానం మొదలైనప్పుడు

పక్కింటి పాప ఏడాదికే నడిచింది. మా బాబుకి 14 నెలలు, ఇంకా నడవట్లేదు. ఆలస్యమేనా?

నడక ఒక్కటే రాకపోతే, 14 నెలలకు దాన్ని ఆలస్యం అనరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు 8 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా సొంతంగా నడుస్తారు. ఆసరా లేకుండా కూర్చోవడం మాత్రం 9 నెలలకల్లా వచ్చేయాలి. కొందరు పిల్లలు అసలు దోగాడకుండానే లేచి నడుస్తారు, అందులో తప్పేమీ లేదు. మీరు చూడాల్సింది మిగతా పనులు: మంచం పట్టుకుని లేస్తున్నాడా, రెండు చేతులూ సమానంగా వాడుతున్నాడా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా, కావలసినది వేలితో చూపిస్తున్నాడా. ఇవన్నీ ఉంటే కొన్నాళ్లు ఆగవచ్చు. 18 నెలలు దాటినా నడక రాకపోతే ఆగకూడదు. మగపిల్లాడైతే రక్తంలో సీపీకే పరీక్ష తప్పకుండా అడగండి. డుషేన్ అనే కండరాల జబ్బులో అది వేలల్లో ఉంటుంది, చిన్న రక్తపరీక్షతోనే బయటపడుతుంది. ఈ పరీక్ష చేయక ఆ జబ్బును ఏళ్లతరబడి "బద్ధకం" అనుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

కాగితం మీద 'గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే' అని రాశారు. ఇదేం జబ్బు?

ఇది జబ్బు పేరు కాదు. జ్వరం అన్నట్టే, ఒక లక్షణం పేరు. 5 ఏళ్ల లోపు బిడ్డ రెండు లేదా అంతకన్నా ఎక్కువ విషయాల్లో, అంటే నడక, చేతిపని, మాట, తెలివి, నలుగురితో కలవడం వంటివాటిలో, తన వయసు పిల్లల కన్నా బాగా వెనకబడితే ఆ మాట రాస్తారు. నూటికి 1 నుంచి 3 మంది పిల్లల్లో ఇది కనిపిస్తుంది. దీనికి కారణాలు వందల్లో ఉన్నాయి. అందుకే కాగితం మీద ఆ మాట పడటంతో వెతుకులాట అయిపోదు, మొదలవుతుంది.

పాప నెలలు నిండకుండా పుట్టింది. వయసు ఎలా లెక్కపెట్టాలి?

40 వారాలకు ఎన్ని వారాలు తక్కువైతే, అసలు వయసులోంచి అన్ని వారాలు తీసేయండి. 32 వారాలకు పుట్టిన పాపకు ఇప్పుడు 8 నెలలనుకోండి. 8 వారాలు తీసేస్తే 6 నెలల పాపగా చూడాలి. రెండేళ్లు నిండేదాకా ఇలాగే లెక్కపెట్టాలి. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే లెక్క. ఇంకో జాగ్రత్త: అన్ని లోపాలనూ "నెలలు తక్కువ కదా" అని కొట్టిపారేయకండి. ఒక చెయ్యే ఎప్పుడూ పిడికిలి బిగించి ఉండటం, ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా బిగుసుకోవడం, ఏడాది లోపే ఒక చేతినే వాడటం: వీటికి వయసు సవరణ సమాధానం కాదు.

ఎలాంటి మార్పు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు?

వచ్చిన పని పోతే. నిన్నటిదాకా కూర్చున్న బిడ్డ ఇవాళ కూర్చోలేకపోయినా, నవ్వే బిడ్డ నవ్వడం మానేసినా, వచ్చిన మాటలు పోయినా, దాన్ని ఆలస్యం అనరు. అది వెనక్కి పోవడం. దీనికి అత్యవసరంగా కారణం వెతకాలి.

ఇందులో తల్లిదండ్రులు తరచుగా పోల్చుకోలేనివి పసిపిల్లల స్పాజమ్స్ అనే ఒక రకం ఫిట్స్. ఎక్కువగా 3 నుంచి 12 నెలల మధ్య మొదలవుతాయి. బిడ్డ నిద్ర లేచిన కాసేపటికి తల ఒక్కసారి ముందుకు వాలుతుంది, చేతులు దగ్గరికి ముడుచుకుంటాయి లేదా బార్లా చాచుకుంటాయి. ఒక్క క్షణమో రెండు క్షణాలో ఉండి వదులుతుంది, కొన్ని సెకన్లకు మళ్లీ వస్తుంది. ఇలా వరసగా పదీ ఇరవై సార్లు. కింద పడి కొట్టుకునే ఫిట్స్‌లా ఉండదు కాబట్టి కడుపునొప్పి అనో, ఉలికిపాటు అనో అనుకుంటారు. ఉలికిపాటు చప్పుడుకో కుదుపుకో వస్తుంది. ఇవి ఏ చప్పుడూ లేకుండా గుంపుగా వస్తాయి. ఫోన్లో వీడియో తీసి అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి. ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) నిద్రలోనూ, లేచిన తర్వాతా తీయాలి, మెలకువలో మాత్రమే తీస్తే తప్పిపోవచ్చు. ఏసీటీహెచ్, ప్రెడ్నిసొలోన్, విగాబాట్రిన్ వంటి మందులు ఎంత త్వరగా మొదలుపెడితే ఎదుగుదల అంతగా నిలబడుతుంది. ఇక్కడ వారాలు కూడా లెక్కలోకి వస్తాయి.

తలుపు చప్పుడుకు ఉలిక్కిపడతాడు. అంటే వినికిడి బాగున్నట్టేగా, మాటలు ఎందుకు రావట్లేదు?

బాగున్నట్టు కాదు. తలుపు చప్పుడు మంద్ర శబ్దం, పైగా అదురు కూడా ఒంటికి తెలుస్తుంది. "స", "ష", "త" వంటి అక్షరాలు వినిపించాలంటే పై శ్రుతుల్లో వినికిడి ఉండాలి. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ, ఇంట్లోవాళ్లు ఎంత గట్టిగా "వింటాడు" అన్నా, వినికిడి పరీక్ష చేయాలి. పుట్టినప్పుడు చేసే ఓఏఈ పరీక్ష లోపలి చెవిని మాత్రమే చూస్తుంది, నరాన్ని చూడదు. తీవ్రమైన కామెర్లు వచ్చినవాళ్లకు, నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉన్నవాళ్లకు నరాన్ని కూడా చూసే బెరా పరీక్ష కావాలి. మెదడువాపు లేదా మెనింజైటిస్ వచ్చి తగ్గిన బిడ్డకు ఇంటికొచ్చిన నెల లోపే వినికిడి చూడాలి, ఎందుకంటే లోపలి చెవి ఎముకలా గట్టిపడితే కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో పెట్టే వినికిడి పరికరం) అమర్చడం కష్టం.

## కారణం వెతికేటప్పుడు: గర్భం, కాన్పు, తొలి ఏడాది

కడుపుతో ఉన్నప్పుడు నేను చేసిన పొరపాటు వల్లే ఇలా అయిందా?

దాదాపు ఎప్పుడూ కాదు. బరువులెత్తడం, ప్రయాణాలు, భయపడటం, దిగులుపడటం, ఐరన్ మాత్ర కొన్నాళ్లు మరచిపోవడం: ఇవి ఇలాంటి ఆలస్యాన్ని తేవు. మెదడుకు నిజంగా హాని చేస్తాయని రుజువైనవి వేరు: మద్యం, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, రుబెల్లా, సీఎంవీ, టాక్సోప్లాస్మా, జికా ఇన్ఫెక్షన్లు, తీవ్రమైన అయోడిన్ లోపం, మందు వాడని థైరాయిడ్ లోపం. వీటిలోనూ చాలావాటి గురించి తల్లికి ముందు తెలిసే వీలుండదు. వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారు మళ్లీ గర్భం అనుకుంటే ముందుగానే డాక్టరుతో మందు మార్పించుకోవాలి, సొంతంగా ఆపేస్తే ఫిట్స్ తిరగబెట్టి ప్రాణం మీదకు వస్తుంది.

పుట్టగానే ఏడవలేదు. కారణం అదే కదా, ఇంకేం పరీక్షలు?

ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయి అసలు కారణం తప్పిపోయిన పిల్లలు చాలామంది. ఏడుపు ఆలస్యం కావడం వేరు, ఊపిరందక మెదడు దెబ్బతినడం వేరు. రెండోదానికి ఆనవాళ్లుంటాయి: 5 నిమిషాలు, 10 నిమిషాల అప్గార్ స్కోరు (పుట్టగానే ఊపిరి, గుండె, రంగు, కదలిక చూసి వేసే మార్కులు) తక్కువగా ఉండటం, బొడ్డుతాడు రక్తంలో ఆమ్లం బాగా పెరగడం (పీహెచ్ 7.0 కన్నా తక్కువ), మొదటి రోజుల్లోనే ఫిట్స్, మగత, పాలు తాగలేకపోవడం, ఎంఆర్‌ఐలో దానికే సరిపోయే గుర్తులు. మూడో రోజుకు చక్కగా పాలు తాగుతూ ఇంటికొచ్చిన బిడ్డకు రెండేళ్ల తర్వాత కనిపించే ఆలస్యాన్ని కాన్పు మీద వేయడం సరికాదు.

తిరగేసి కూడా ఆలోచించాలి. పుట్టుకతోనే కండరాలు మెత్తగా ఉండే జన్యు సమస్య ఉన్న బిడ్డ, ఆ సమస్య వల్లే గట్టిగా ఏడవలేకపోవచ్చు. అంటే ఏడవకపోవడమే మొదటి లక్షణం. డిశ్చార్జ్ కాగితాలు వెతికి పెట్టుకోండి. "ఏడవలేదు" అన్న మాట కన్నా అందులోని అంకెలు విలువైనవి.

కామెర్లు బాగా వచ్చాయి, షుగర్ కూడా పడిపోయింది. ఏది దెబ్బతీసింది?

రెండూ మెదడులో వేర్వేరు చోట్ల దెబ్బకొడతాయి. మితిమీరిన కామెర్లు మెదడు లోపలి ముడులనూ వినికిడి నరాన్నీ పట్టుకుంటాయి: ఒళ్లు మెలితిరిగే కదలికలు, చెవుడు, చూపు పైకి ఎత్తలేకపోవడం. తెలివి చాలావరకు నిలబడే ఉంటుంది, పైకి మాత్రం కనబడదు. ఆ పిల్లల్ని తక్కువ అంచనా వేయకూడదు. షుగర్ ఎక్కువసేపు పడిపోతే మెదడు వెనకభాగం దెబ్బతింటుంది: కళ్లు బాగానే ఉన్నా చూపు ఆనకపోవడం, తర్వాత ఫిట్స్ రావడం.

ఆరు నెలల దాకా బాగానే ఉంది. తర్వాత నవ్వడం తగ్గింది, డల్‌గా పడుకుంటోంది. తల్లిపాలు మాత్రమే తాగుతోంది. ఏమై ఉంటుంది?

ముందు చూడాల్సింది విటమిన్ బి12. తల్లిలో బి12 తక్కువైతే పాలలోనూ తక్కువే. మాంసం, గుడ్లు, పాల పదార్థాలు అసలు లేని ఆహారం తినే తల్లుల్లోనూ, కడుపులో బి12 ఇంకని తల్లుల్లోనూ ఇది వస్తుంది. పుట్టినప్పుడున్న కొద్దిపాటి నిల్వ అయిపోగానే, 4 నుంచి 10 నెలల మధ్య బిడ్డ వాడిపోతుంది: పాలిపోవడం, వేళ్ల కణుపుల దగ్గర నలుపు, జుట్టు పలచబడటం, మెడ వాలిపోవడం, కొన్నిసార్లు చేతులు, తల వణకడం.

వరస తప్పకూడదు. ముందు రక్తం తీయాలి (బి12, హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ ఆమ్లం), తర్వాతే ఇంజెక్షన్. ఇంజెక్షన్ అయ్యాక తీస్తే పరీక్ష పనికిరాదు. అలాగని ఫలితం వచ్చేదాకా మందు ఆపక్కర్లేదు. చాలామంది పిల్లలు కొన్ని రోజుల్లోనే మళ్లీ నవ్వుతారు. బి12 లేకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది కానీ నరాల దెబ్బ లోలోపల సాగుతూనే ఉంటుంది. తల్లికి కూడా వైద్యం చేయాలి. తల్లిలో బి12 మామూలుగానే ఉంటే, బిడ్డలో దాన్ని వాడుకోలేని జన్యులోపం ఉందేమో చూడాలి.

పుట్టినప్పుడు మడమ నుంచి రక్తం తీశారు. అదెందుకు?

బిడ్డ మామూలుగా కనిపిస్తున్నప్పుడే కొన్ని జబ్బులు పట్టుకోవడానికి. అందులో ముఖ్యమైనది థైరాయిడ్ లోపం. 2,000 నుంచి 4,000 కాన్పుల్లో ఒకరికి వస్తుంది. తల్లి హార్మోన్ కొంత అందుతుంది కాబట్టి మొదటి వారాల్లో ఏ లక్షణమూ కనబడదు. కనబడేసరికి తెలివికి నష్టం జరిగిపోతుంది. రెండు వారాల వయసు లోపే లెవోథైరాక్సిన్ మొదలుపెట్టాలి, మామూలుగా కిలో బరువుకు రోజుకు 10–15 మైక్రోగ్రాములు. మాత్రను పొడిచేసి చెంచాడు నీళ్లలోనో తల్లిపాలలోనో వెంటనే పట్టాలి. సీసా నిండా కలిపితే బిడ్డ సగం వదిలేస్తుంది, డోసు పోతుంది. ఐరన్, కాల్షియం, సోయా పాలు అదే సమయంలో ఇస్తే మందు ఇంకదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ లోపాన్ని పట్టిచ్చే హార్మోన్) ఆలస్యంగా పెరగవచ్చు, వాళ్లకు రెండు వారాల దగ్గర మళ్లీ చూడాలి.

ఫోన్ ఎక్కువ చూపించాం. మాటలు రాకపోవడానికి అదేనా కారణం?

ఫోన్ ముందు గడిచే గంట, బిడ్డతో ఎవరూ మాట్లాడని గంట. దానివల్ల మాట నెమ్మదిస్తుంది, నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన: రెండేళ్లలోపు తెర వద్దు, 2–4 ఏళ్ల మధ్య రోజుకు గంటకు మించొద్దు. కానీ నడక ఆలస్యం, మెత్తటి కండరాలు, వచ్చిన మాటలు పోవడం ఫోన్ వల్ల రావు. ఫోన్ ఆపేయండి, వినికిడి, ఆటిజం పరీక్షలు మాత్రం ఆపకండి.

టీకా వేసిన రోజే ఫిట్స్ వచ్చాయి. టీకానే చేసిందా?

టీకా ఎదుగుదలను ఆపదు. జ్వరానికి ఫిట్స్ వచ్చే స్వభావం ఉన్న బిడ్డలో టీకా జ్వరం ఆ మొదటి ఫిట్స్‌ను బయటపెట్టవచ్చు. ద్రావె సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ జబ్బులో జరిగేది అదే. అసలు కారణం ఎస్‌సీఎన్‌1ఎ జన్యువులో మార్పు, పుట్టుకతో ఉన్నది. టీకా వేయకపోయినా మరో జ్వరంతో బయటపడేది. ఈ జన్యువు తేలితే లాభం ఉంది: కార్బమజిపైన్ వంటి కొన్ని ఫిట్స్ మందులు ఈ పిల్లల్లో పరిస్థితిని ఇంకా చెడగొడతాయి, వాటిని పక్కన పెట్టవచ్చు.

## జన్యువుల విషయం

మా రెండు కుటుంబాల్లో ఎవరికీ ఇలా లేదు. జన్యు సమస్య ఎలా అవుతుంది?

"జన్యు" అంటే "వంశంలో ఉన్న" అని అర్థం కాదు. ఇది మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది, కొత్తగా పుట్టిన మార్పు. ప్రతి మనిషిలోనూ అమ్మానాన్నల్లో లేని కొత్త అక్షరమార్పులు కొన్ని పదులు ఉంటాయి. ఎక్కువభాగం ఖాళీ చోట్ల పడి ఏమీ చేయవు. మెదడుకు కావలసిన జన్యువు మీద పడితే ఆలస్యం వస్తుంది. తీవ్రమైన ఆలస్యం ఉన్న పిల్లల్లో దొరికే జన్యు కారణాల్లో ఇదే పెద్ద భాగం. ఆడపిల్లల్లో 6–18 నెలల మధ్య చేతిపని, మాట పోయి, చేతులు పిసుక్కోవడం మొదలయ్యే రెట్ సిండ్రోమ్ ఇలాంటిదే. డౌన్ సిండ్రోమ్‌లో కూడా నూటికి 95 మందిలో 21వ క్రోమోజోము అదనంగా చేరడం ఎవరి తప్పూ లేకుండా జరుగుతుంది.

రెండోది, అమ్మలో ఒకటి, నాన్నలో ఒకటి నిద్రపోతున్న మార్పులు బిడ్డలో కలవడం. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, తరాల తరబడి ఎవరికీ తెలియదు.

మూడోది, అమ్మలోని ఎక్స్ క్రోమోజోము మీద ఉన్న మార్పు. అమ్మకు రెండో ఎక్స్ కాపు కాస్తుంది. కొడుక్కి ఉన్నది ఒక్కటే.

మేం దగ్గర చుట్టాలం, పెళ్లి చేసుకున్నాం. అందుకే ఇలా అయిందా?

అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. పరీక్ష చేయకుండా అనేయకూడదు. బావామరదళ్లు తమ ఉమ్మడి తాతా అవ్వల నుంచి జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడిగా పంచుకుంటారు. ఒకే నిద్రాణ మార్పు ఇద్దరిలోనూ ఉండే అవకాశం అందువల్ల పెరుగుతుంది. ఏ జంటకైనా బిడ్డలో పుట్టుకలోపం వచ్చే అవకాశం నూటికి 2–3 ఉంటే, వీళ్లకు సుమారు 4–6. అంటే నూటికి 90కి పైగా పిల్లలు బాగానే పుడతారు. చుట్టరికం గురించి డాక్టరుకు తప్పక చెప్పండి, దాచకండి: ఏ జన్యువుల కోసం వెతకాలో దాన్నిబట్టి మారుతుంది.

ఫ్రాజైల్ ఎక్స్ పరీక్ష రాశారు. ఇదేమిటి?

ఇది తెలివి, మాట వెనకబడే ఒక జన్యు జబ్బు. ఎఫ్‌ఎంఆర్‌1 జన్యువులో సీజీజీ అనే మూడక్షరాల ముక్క పదేపదే వస్తుంది. 44 సార్ల దాకా మామూలు. 55–200 మధ్య అయితే ఆ మనిషి మోసేవారు, అంటే తమకు ఆ జబ్బు లేకపోయినా మార్పును పిల్లలకు అందించగలవారు. 200 దాటితే జన్యువు మూతపడి జబ్బు వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ తీవ్రంగా. అమ్మ నుంచి బిడ్డకు వచ్చేటప్పుడు ఈ సంఖ్య పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా 40 ఏళ్లలోపే నెలసరి ఆగిపోయినా, పెద్ద వయసులో తాతయ్యకు వణుకు, తూలడం వచ్చినా డాక్టరుకు చెప్పండి. బిడ్డ సమస్యకు సంబంధం లేనట్టు కనిపించే ఈ రెండూ దీని జాడలే. జన్యువుల అక్షరాల్ని చదివే ఎక్సోమ్ పరీక్షలో ఇది దొరకదు, విడిగా చేయాలి.

ఒకే క్రోమోజోము ముక్క పోయినా ఇద్దరు పిల్లల్లో రెండు వేర్వేరు జబ్బులంటున్నారు. ఎలా?

15వ క్రోమోజోములో ఒక చోట ఉంది. అక్కడ కొన్ని జన్యువులు నాన్న నుంచి వస్తేనే పనిచేస్తాయి, ఒకటి మెదడులో అమ్మ నుంచి వస్తేనే పనిచేస్తుంది. నాన్న ముక్క పోతే ప్రేడర్‌–విల్లీ: పసితనంలో మెత్తదనం, పాలు తాగలేకపోవడం, తర్వాత ఆగని ఆకలి. అమ్మ ముక్క పోతే ఏంజెల్‌మన్: మాట దాదాపు రాకపోవడం, ఫిట్స్, తూలే నడక, తరచూ నవ్వు. దీనికి మిథైలేషన్ పరీక్ష కావాలి, అంటే ఆ చోట ఎవరి ముక్క మూతపడి ఉందో, ఎవరిది తెరిచి ఉందో చూసే పరీక్ష.

## పరీక్షలు, రిపోర్టులు

ఇన్ని పరీక్షల్లో ముందు ఏది చేయించాలి?

వైద్యంతో బాగుపడేవి ముందు. వినికిడి, చూపు, థైరాయిడ్, రక్తహీనత, బి12, నడక ఆలస్యమైతే సీపీకే. మట్టి, పెయింటు పెచ్చులు తినే అలవాటుంటే రక్తంలో సీసం. ఫిట్స్ ఉంటే ఈఈజీ. తల చుట్టుకొలత మరీ చిన్నదైనా, పెద్దదైనా, ఒకపక్క బలహీనత ఉన్నా ఎంఆర్‌ఐ.

జన్యు పరీక్షల్లో, ముఖం చూడగానే డౌన్ సిండ్రోమ్ అనిపిస్తే మామూలు కార్యోటైప్ (క్రోమోజోముల సంఖ్య, ఆకారం చూసే పరీక్ష) చాలు. పోలిక ఏదీ దొరకనప్పుడు క్రోమోజోమల్ మైక్రోఅర్రే లేదా ఎక్సోమ్. మైక్రోఅర్రే క్రోమోజోముల్లో పోయిన, ఎక్కువైన చిన్న ముక్కల్ని చూపుతుంది. నూటికి 15–20 మందిలో కారణం దొరుకుతుంది. ఎక్సోమ్ అక్షరమార్పుల్ని చదువుతుంది. మూడోవంతు మందికి కాస్త అటూఇటూగా దొరుకుతుంది. బిడ్డతోపాటు అమ్మానాన్నల రక్తం కూడా ఒకేసారి ఇస్తే, కొత్తగా వచ్చిన మార్పు ఏదో తేల్చడం చాలా తేలిక.

ఎంఆర్‌ఐ నార్మల్ అన్నారు. ఇక భయం లేదా?

మెదడు ఆకారం బాగుందని మాత్రమే అర్థం. చాలా జన్యు సమస్యల్లో ఎంఆర్‌ఐ మామూలుగానే ఉంటుంది. నరాల మీది మైలిన్ పొర చాలావరకు ఏర్పడటానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. ఏడాదిలోపు తీసిన దాన్ని అవసరమైతే ఆ తర్వాత మళ్లీ తీస్తారు. మత్తు ఇస్తున్నారు కాబట్టి, అదే సమయంలో స్పెక్ట్రోస్కోపీ (మెదడులోని రసాయనాల్ని కొలిచే స్కాన్) కూడా తీయగలరేమో అడగండి: మెదడులో క్రియాటిన్ లేకపోవడం అందులో తెలుస్తుంది, దానిలో కొన్ని రకాలకు వైద్యం ఉంది.

రిపోర్టులో 'వీయూఎస్' అని ఉంది. కారణం దొరికినట్టేనా?

లేదు. మార్పు కనిపించింది కానీ, అది హానిచేస్తుందో లేదో ఇప్పుడున్న ఆధారాలతో చెప్పలేమని దాని అర్థం. దాన్ని పట్టుకుని మందు మొదలుపెట్టడం, తర్వాతి గర్భం మీద నిర్ణయం తీసుకోవడం పెద్ద పొరపాటు. అమ్మానాన్నల్లో అదే మార్పు ఉందేమో చూడాలి. ఆరోగ్యంగా ఉన్న నాన్నలో కూడా అదే ఉంటే చాలాసార్లు అనుమానం తగ్గుతుంది. ఏడాది రెండేళ్లకోసారి అదే డేటాను మళ్లీ విశ్లేషించమని అడగండి. కొత్త జన్యువులు తెలుస్తూ ఉంటాయి కాబట్టి, అప్పుడు నార్మల్ అన్న రిపోర్టులోంచే జవాబు దొరకవచ్చు.

ఎలాగూ మందు లేదంటారు. పేరు తెలిసి ఏం లాభం?

కొన్నింటికి మందు ఉంది, అందుకే వెతకాలి. బయోటినిడేజ్ లోపానికి రోజూ బయోటిన్ విటమిన్ చాలు. గ్లూట్1 లోపంలో మెదడుకు గ్లూకోజ్ అందదు, కీటోజెనిక్ ఆహారం ఆ లోటు తీరుస్తుంది. విటమిన్ బి6కు లొంగే ఫిట్స్ ఉన్నాయి. ఫినైల్‌కీటోన్యూరియాకు ప్రత్యేక ఆహారం ఉంది. ముఖంలో చురుకుదనం ఉండి కాళ్లూచేతులూ కదలని ఎస్‌ఎంఏకు 2016 నుంచి మందులు వచ్చాయి. మందు లేని పేరైనా, గుండె, కిడ్నీ, థైరాయిడ్‌లలో ఏది ఎప్పుడు చూడాలో చెబుతుంది. అక్కర్లేని పరీక్షల్ని ఆపుతుంది. తల్లి మనసులోని నిందను కూడా ఆపుతుంది.

## ఇక ముందు

కారణం తేలేదాకా థెరపీ ఆపమంటారా?

ఒక్కరోజు కూడా వద్దు. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, చేతిపని నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ బిడ్డ ఇప్పుడు ఏం చేయగలడో చూసి మొదలవుతాయి, రిపోర్టును చూసి కాదు. జన్యు రిపోర్టుకు వారాలు, నెలలు పడుతుంది. వారానికి రెండుసార్లు సెంటర్‌లో చేసేదాని కన్నా, అదే పనిని ఇంట్లో స్నానం, తిండి, ఆట వేళల్లో రోజూ చేయించడమే ఎక్కువ పనిచేస్తుంది. ప్రతిసారీ "ఈ వారం ఇంట్లో ఏం చేయించాలి?" అని అడిగి రాయించుకోండి.

మళ్లీ బిడ్డను కంటే మళ్లీ ఇలాగే అవుతుందా?

కారణం మీద ఆధారపడి ఉంటుంది. కొత్తగా వచ్చిన మార్పైతే సుమారు నూటికి ఒకటి. అమ్మ లేదా నాన్న బీజకణాల్లో కొన్నిటిలో అదే మార్పు దాగి ఉండవచ్చు కాబట్టి సున్నా అనరు. ఇద్దరూ మోసేవాళ్లైతే ప్రతి గర్భంలో 25 శాతం. "ఒకరికి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదు" అనుకోవడం తప్పు, ప్రతిసారీ అదే 25 శాతం. అమ్మ ఎక్స్ మీద ఉంటే పుట్టే ప్రతి కొడుక్కీ 50 శాతం. డౌన్ సిండ్రోమ్ ట్రాన్స్‌లొకేషన్ రకమైతే (అదనపు 21వ క్రోమోజోము మరో క్రోమోజోముకు అతుక్కున్నదైతే) అమ్మానాన్నల కార్యోటైప్ చూడకుండా ఏమీ చెప్పలేం.

గర్భంలో పరీక్ష 11–13 వారాల మధ్య మావి ముక్కతో గానీ, 15 వారాల తర్వాత ఉమ్మనీటితో గానీ చేస్తారు. ఏ మార్పు కోసం వెతకాలో ముందే తెలిసి ఉండాలి. కాబట్టి మొదటి బిడ్డ రిపోర్టు గర్భానికి ముందే చేతిలో ఉండాలి. గర్భం వచ్చాక మొదలుపెడితే వారాలు చాలవు.

మొదటిసారి స్పెషలిస్టు దగ్గరికి వెళ్తున్నాం. ఏం తీసుకెళ్లాలి?

కాన్పు డిశ్చార్జ్ కాగితం, బరువు, తల చుట్టుకొలత రాసిన టీకా పుస్తకం, ఎంఆర్‌ఐ సీడీ (రిపోర్టు ఒక్కటే చాలదు), పాత రక్తపరీక్షలన్నీ. మెడ నిలపడం, కూర్చోవడం, నడక, మొదటి మాట ఏ నెలలో వచ్చాయో పాత ఫోన్ వీడియోల తేదీలు చూసి రాయండి, గుర్తున్నదాని కన్నా అవే నమ్మకం. మూడు తరాల కుటుంబం గీయండి: గర్భస్రావాలు, పసితనంలో పోయిన పిల్లలు, ఫిట్స్, చెవుడు, చదువు రానివాళ్లు, అమ్మ తరఫు మగవాళ్ల జబ్బులు అందులో రాయండి. బిడ్డ కదలికల వీడియోలు రెండు మూడు చాలు, ఒక్కోటి నిమిషం: ఆడుకుంటూ, తింటూ, మీకు అనుమానం వచ్చిన ఆ కదలిక వస్తుండగా.